చెమట కారింది.. కొవ్వు కరగలేదు

దుబాయ్‌లో మేముండే క్యాంపు గదిలో, తలుపు పక్కన ఒక బరువు మిషను ఉండేది. దాన్ని కొన్నది నేనే. 2023 జూన్‌లో సెలవు రోజు షార్జా మార్కెట్‌కు పోయి, 35 దిర్హమ్‌లు పెట్టి తెచ్చాను. నా పొట్ట కోసం. సూపర్‌వైజర్ పనంటే తెలుసు కదా. సైటంతా తిరిగినట్టే ఉంటుంది, తీరా చూస్తే సగం పూట డ్రాయింగుల ముందు, ఫోను చెవి దగ్గర పెట్టుకుని నిలబడడంలోనే గడిచిపోతుంది. డిప్లొమా చేతపట్టుకుని ఇక్కడ దిగినప్పుడు 62 కిలోలున్న మనిషిని, 79కి చేరాను.

మిషను వచ్చిన వారానికే అది నాది కాకుండా పోయింది. గదిలో ఎనిమిది మందిమి. పొద్దున బస్సెక్కే ముందు ఒకసారి, సాయంత్రం దిగగానే బూట్లు విప్పి ఒకసారి అందరూ దానిమీద ఎక్కడం మొదలుపెట్టారు. ఎవరికెంత తగ్గిందని పందేలు కూడా. "అన్నా, పొద్దుగాల నుంచి రెండు కిలోలు దిగిన!" అన్నాడు మా జగిత్యాల వైపు తమ్ముడొకడు. స్టీల్ ఫిక్సర్. 26 ఏళ్లు. నవంబర్‌లో పెళ్లి. "శభాష్ తమ్మీ, పెళ్లి నాటికి హీరో అయితవ్" అన్నాను నేను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

జూలై రెండో వారంలో ఒకరోజు, పదిన్నర ప్రాంతంలో, మూడో అంతస్తులో కడ్డీలు కడుతున్నవాడు కడుతున్నట్టే పక్కకు ఒరిగాడు. పోయి చూస్తే కళ్లు తేలేస్తున్నాడు. పేరడిగితే ఏదో చెప్తున్నాడు కానీ అది పేరు కాదు. ఒళ్లు కాలిపోతోంది. నీడకు లాగి కవరాల్ జిప్ తీశాం. లోపల పొట్ట చుట్టూ, వీపు చుట్టూ ప్లాస్టిక్! టైల్స్ పేలెట్లకు చుట్టే పల్చటి ఫిలిం లేదూ, అది అయిదారు చుట్లు చుట్టుకున్నాడు. చెమట ఎక్కువ కారితే పొట్ట తొందరగా కరుగుతుందని ఎవరో ఫోన్‌లో చూపించారట.

బ్లేడుతో ఫిలిం కోసి, తాగునీళ్ల కూలర్‌లోని ఐసు తెచ్చి మెడకు, చంకలకు, గజ్జలకు పెట్టాం. బకెట్లతో నీళ్లు పోస్తూ, అట్టముక్కలతో విసురుతూనే ఉన్నాం. ఒకడు 998కి ఫోన్ కొట్టాడు. ఆస్పత్రిలో చూసేసరికి కూడా జ్వరమాపకం 40 మీద ఉంది. నాలుగు రోజులు సెలైన్. మొదటి రోజు మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చింది. ఎండకు కండరం దెబ్బతిని, ఆ చెత్తంతా కిడ్నీల మీద పడిందని డాక్టర్ చెప్పారు. బతికాడు. కిడ్నీలు కూడా తేరుకున్నాయి. ఆ నాలుగు రాత్రులూ నాకు నిద్ర లేదు. మిషను తెచ్చింది నేను, శభాష్ అన్నది నేను.

అప్పటి నుంచి ఈ చెమట లెక్కేమిటో తెలుసుకోవాలని పట్టుకున్నాను. మా సేఫ్టీ నర్సును విసిగించాను, పుస్తకాలు తిరగేశాను. నాకర్థమైంది మనవాళ్లకు చెప్పాలనే ఈ నాలుగు ముక్కలు.

రేడియేటర్ నీళ్లు వేరు, డీజిల్ వేరు

సైటులో జనరేటర్ నడుస్తుంది. డీజిల్ తాగుతుంది, వేడెక్కుతుంది. ఆ వేడి బయటికి పోవడానికి రేడియేటర్‌లో నీళ్లు. రేడియేటర్‌లో నీళ్లు తగ్గితే డీజిల్ అయిపోయిందని ఎవరైనా అంటారా? మనం మన ఒంటి విషయంలో అచ్చం అదే అంటున్నాం.

ఒంట్లో డీజిల్ అంటే తిన్న తిండి, దాచుకున్న కొవ్వు. ఒళ్లు వాటిని కాల్చి పని చేయించుకోవడాన్నే జీవక్రియ అంటారు. కండరం ఇంజన్ లాంటిదే. వంద పాళ్లు కాలిస్తే ఇరవై, మహా అయితే పాతిక పాళ్లు పనిగా మారుతుంది. మిగతాదంతా వేడి. కడ్డీ మోసినా, మెట్లెక్కినా, పారతో ఎత్తిపోసినా ఈ వేడి పుడుతూనే ఉంటుంది. కానీ లోపలి ఉష్ణోగ్రత 37 డిగ్రీల దగ్గరే ఉండాలి. రెండు మూడు డిగ్రీలు పైకి పోతే మెదడు తడబడుతుంది. మెదడు అడుగున ఉండే ఒక చిన్న భాగం ఈ కాపలా చూస్తుంది. వేడి పెరిగిందనగానే రక్తాన్ని చర్మం వైపు మళ్లిస్తుంది, చెమట గ్రంథులను తెరుస్తుంది. చెమట ఆరేటప్పుడు వేడిని పట్టుకుపోతుంది. ఒక లీటరు చెమట పూర్తిగా ఆరితే సుమారు 580 క్యాలరీల వేడి పోతుంది.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. "లీటరు చెమటకు 580 క్యాలరీలట, నాలుగు లీటర్లంటే రెండు వేలు దాటాయి!" అని. కాదు. ఆ 580 బయటికి పోయిన వేడి. అందులో మన కండరాల్లో పుట్టింది కొంత, నెత్తిమీద ఎండ, కాళ్ల కింద కాలిన స్లాబు, పక్కనున్న ఇనుము పెట్టింది కొంత. ఎండ పెట్టిన వేడిని తోసేయడానికి మన కొవ్వు కరగక్కర్లేదు. నీళ్లు చాలు. చెమట ఊరడానికీ, గుండె ఎక్కువ కొట్టుకోవడానికీ కొంత ఖర్చవుతుంది, నిజమే. కానీ అది చిల్లర.

నన్నే చూడండి. నేనూ ఆ తమ్ముడూ ఒకే అంతస్తులో ఒకే ఎండలో ఉంటాం. సాయంత్రానికి ఇద్దరి చొక్కాలూ పిండితే నీళ్లు కారతాయి. వాడు రోజంతా వంగి కడ్డీలు కడతాడు, నేను నిలబడి లెక్క రాస్తాను. చెమట దాదాపు ఒకటే, ఖర్చు ఎట్లా ఒకటవుతుంది? చెమట కొవ్వును కరిగించేదే అయితే ఈ దేశంలో పొట్ట ఉన్న సూపర్‌వైజర్ ఒక్కడు కనిపించకూడదు.

హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో తమిళనాడులోని కూనూరులో చిన్నగా మొదలై, 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. మన దేశంలో ఎవరు ఎంత తినాలో లెక్క కట్టేది వాళ్లే. 2020 లెక్క ప్రకారం 65 కిలోల మగమనిషికి కూర్చుని చేసే పనైతే రోజుకు 2,110 క్యాలరీలు, మధ్యరకం పనైతే 2,710, బరువు పనైతే 3,470 కావాలి. అంటే నాకూ ఆ తమ్ముడికీ రోజుకు వెయ్యికి పైగా తేడా. ఆ తేడా వచ్చింది పని వల్ల, చెమట వల్ల కాదు.

ఇప్పుడు వాడి రెండు కిలోల సంగతి చూద్దాం. ఒంట్లో ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 క్యాలరీలు ఖర్చవ్వాలి. రెండు కిలోలంటే 15,400. బరువు పని చేసేవాడు రోజంతా పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకుండా ఉన్నా, 24 గంటల్లో అర కిలో కొవ్వు కూడా కరగదు. మరి సాయంత్రం మిషను చూపించిన రెండు కిలోలు ఏమిటి? నీళ్లు. అచ్చంగా నీళ్లు, కాస్త ఉప్పు. మన రక్తంలోంచి తీసినవి.

"అంతేనంటారా? మరి జ్వరమొస్తే మనిషి చిక్కిపోతాడు కదండీ, ఒళ్లు వేడెక్కే కదా" అని మా గదిలో కోనసీమ నుంచి వచ్చిన ప్లంబర్ గారు అడిగారు. మంచి ప్రశ్నే. లోపలి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే జీవక్రియ సుమారు 10 నుంచి 13 శాతం పెరుగుతుంది. ఊరికే పడుకున్న మనిషి గంటకు 65, 70 క్యాలరీలు కాలుస్తాడు. అందులో 10, 13 శాతమంటే ఏడెనిమిది క్యాలరీలు. ఒక చిన్న బిస్కెట్టులో ఇరవైకి పైనే ఉంటాయి. అంటే మూడు గంటలు ఒళ్లు కాలితే ఒక బిస్కెట్టు! జ్వరంలో మనిషి చిక్కేది ఎక్కువగా తినలేకపోవడం వల్ల, కండ తరిగిపోవడం వల్ల. బిస్కెట్టు కోసం మెదడును, కిడ్నీలను పందెం కాస్తామా?

కుండ చల్లబడని ఊరు

మన ఊళ్లో ఎండాకాలం కుండలో నీళ్లు చల్లగా ఎందుకుంటాయి? కుండ చెమర్చి, ఆ తడి ఆరుతుంది గనుక. మన ఒళ్లు కూడా అంతే. జగిత్యాలలో ఏప్రిల్ ఎండ 43 ఉన్నా గాలి పొడిగా ఉంటుంది, చెమట పట్టగానే ఆరుతుంది. ఇక్కడ సముద్రం ఒడ్డున ఆగస్టులో గాలే తడిగుడ్డలాగ ఉంటుంది. ఆ రోజుల్లో కుండ పెట్టినా నీళ్లు చల్లబడవు. చెమట ఆరదు, కారుతుంది. నేల మీద పడ్డ చెమట చుక్క మనల్ని రవ్వంత కూడా చల్లబరచదు. నీళ్లు పోయె, చల్లదనమూ లేదాయె. ఒంటికి ప్లాస్టిక్ చుట్టుకోవడమంటే ఆగస్టును తెచ్చి కవరాల్ లోపల పెట్టుకోవడమే.

అందుకే థర్మామీటర్ ఒక్కటి చూస్తే చాలదు, గాలిలో తడి కూడా చూడాలి. ఎండ, గాలి, తేమ కలిపి తీసే లెక్క ఒకటుంది, డబ్ల్యూబీజీటీ అంటారు. ఖతర్‌లో 2021 నుంచి ఆ లెక్క 32.1 దాటితే టైము ఎంతైనా పని ఆపాలని రూలు. దాంతోపాటు జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పొద్దున 10 నుంచి 3.30 దాకా బయట పని లేదు. మాకు ఇక్కడ ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా, 12.30 నుంచి 3 దాకా బ్రేక్. మా తమ్ముడు పడిపోయింది పదిన్నరకు. బ్రేక్ టైము కానంత మాత్రాన ఒంటికి ఆ సంగతి తెలియదు కదా.

ఒక మాట చెప్పుకుంటే సిగ్గుగా ఉంటుంది. మా సైటుకు కాంక్రీటు ట్రక్కు వస్తే మొదట నేను చేసే పని థర్మామీటర్ గుచ్చడం. 32 డిగ్రీలు దాటితే ట్రక్కును వెనక్కి పంపుతాం. ఎండాకాలం కాంక్రీటులో ఐసు కలిపి మరీ తెస్తారు. పన్నెండేళ్లుగా కాంక్రీటుకు జ్వరం చూస్తున్నాను. దాన్ని పోసే మనిషి ఒంటిమీద చెయ్యి వేసి చూడాలని ఆ జూలై దాకా తట్టలేదు.

ఇంకొకటి. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అని మనలో ఒక నమ్మకం ఉంది. బరువు పని చేస్తూ వడదెబ్బ తగిలినవాడికి చెమట కారుతూనే ఉండొచ్చు. మా వాడికి కారుతూనే ఉంది. చూడాల్సింది మాట తడబడుతోందా, నడక తూలుతోందా, పిచ్చి కోపం వస్తోందా అని. అలా ఉంటే ముందు చల్లబరచాలి, అంబులెన్స్ వచ్చేదాకా ఆగకూడదు. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్లు పోయొద్దు.

ఆకలి ఎందుకు చచ్చిపోతుంది

ఎండలో పని చేసి వచ్చాక అన్నం సహించదు. దీనికీ లెక్కుంది. తిన్నది అరగడానికి కూడా ఒళ్లు కొంత కాలుస్తుంది, తిన్నదాంట్లో సుమారు పదో వంతు. మాంసం, గుడ్లు, పప్పుల్లో మాంసకృత్తులు అరగడానికి ఇంకా ఎక్కువ. అదీ వేడే. అప్పటికే వేడితో సతమతమవుతున్న ఒళ్లు "ఇప్పుడు పొయ్యి వెలిగించకు" అన్నట్టు ఆకలి తగ్గిస్తుంది. మన పెద్దవాళ్లకు ఈ పుస్తకాలేవీ తెలియకపోయినా ఎండాకాలం అంబలి, మజ్జిగ, చద్దన్నం పెట్టారు. నీళ్లు, ఉప్పు, తేలికపాటి తిండి ఒకే గిన్నెలో.

అమ్మ ఫోన్‌లో "వేడి చేసిందిరా, మామిడిపండ్లు తగ్గించు" అంటుంది. ఆ వేడి వేరు, ఈ వేడి వేరు. మామిడిపండు తిన్నాక థర్మామీటర్ పెడితే 37 దగ్గరే ఉంటుంది. అమ్మతో ఈ వాదన పెట్టుకోలేదనుకోండి.

పగలు సహించని ఆకలి రాత్రి ఏసీలోకి వచ్చాక తిరగబడుతుంది. పొట్ట వచ్చేది అక్కడే. మా గదిలో ఎనిమిది మందికి అయిదు లీటర్ల నూనె డబ్బా పది రోజులు వచ్చేది. ఒకరోజు కాలిక్యులేటర్ పట్టుకుని కూర్చున్నాను. అందులో సుమారు 41 వేల క్యాలరీలు. మనిషికి రోజుకు 500 పైన, ఒక్క నూనె నుంచే! ఇక పగలు దాహానికి తాగే కోలా. 330 మిల్లీలీటర్ల డబ్బాలో 35 గ్రాముల పంచదార, 140 క్యాలరీల దాకా. రోజుకు మూడు తాగేవాళ్లున్నారు. చెమటలో నీళ్లు పోగొట్టుకుని, వాటి బదులు పంచదార పోసుకుంటున్నాం. పొట్టలూ షుగర్లూ రాకేం చేస్తాయి?

చలికి మాత్రం ఒళ్లు నిజంగానే ఎక్కువ కాలుస్తుంది. వణుకు అంటే కండరాలు వేడి కోసం ఊరికే పని చేయడం. గట్టిగా వణికితే ఊరికే ఉన్నప్పటికంటే నాలుగైదు రెట్లు కాలుతుంది. వేడి పుట్టించడానికే ఉన్న గోధుమరంగు కొవ్వు పసిపిల్లల్లోనే ఉంటుందని ఒకప్పుడు అనుకునేవారు. పెద్దవాళ్లలోనూ కొంత పని చేస్తుందని 2009లో తేల్చారు. ఇది విని మా ప్లంబర్ గారు ఏసీని 18లో పెట్టారు. పెట్టి రెండు దుప్పట్లు కప్పుకున్నారు. దుప్పట్లో ఉన్నవాడికి చలెక్కడిది, కరగడమెక్కడిది! కరిగింది కరెంటు మాత్రమే.

చుట్టీ నుంచి వచ్చినవాడు కొత్తవాడే

"నాకు పదేళ్ల నుంచి ఎండ అలవాటు" అనే మాట రోజూ వింటాను. అలవాటు అనేది నిజమే, పుట్టుకతో రాదు, ఎండలో పని చేస్తుంటే ఒకటి రెండు వారాల్లో వస్తుంది. అలవాటు పడ్డ ఒళ్లు తొందరగా చెమట పట్టిస్తుంది, ఎక్కువ పట్టిస్తుంది, అందులో ఉప్పు తక్కువ పోనిస్తుంది. గుండె దడ తగ్గుతుంది. అదే పనిని కాస్త తక్కువ ఖర్చుతో లాగించేస్తుంది కూడా. చెమట పెరిగింది, ఖర్చు తగ్గింది. చెమటను చూసి కొవ్వు లెక్క కట్టేవాళ్లు ఈ ఒక్క ముక్క గుర్తుంచుకున్నా చాలు.

కానీ ఈ అలవాటు ఉండిపోదు. ఎండకు దూరమైన వారం పది రోజుల నుంచే జారిపోతుంది. నెలన్నర చుట్టీ మీద ఇంటికి పోయి జూలైలో దిగినవాడి ఒళ్లు దాదాపు కొత్తగా వచ్చినవాడి ఒళ్లే. పనిచేసేవాళ్ల ఆరోగ్యం చూసే అమెరికా సంస్థ ఎన్ఐఓఎస్‌హెచ్ ఏం చెబుతుందంటే, కొత్తవాడికి మొదటి రోజు ఎండలో పని అయిదో వంతే ఇవ్వాలి, తర్వాత రోజుకో అయిదో వంతు పెంచాలి. పాతవాడు చుట్టీ నుంచి వస్తే మొదటి రోజు సగం, తర్వాత 60, 80, నాలుగో రోజుకు పూర్తి పని. నేను మా గ్యాంగుల్లో ఇప్పుడు ఇదే పాటిస్తున్నాను. ఫోర్‌మన్ గొణుగుతాడు. గొణగనీ.

నీళ్ల సంగతి కూడా ఆ సంస్థే చెప్పింది. దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు. అలాగని గంటకు లీటరున్నర తాగేయకూడదు, రక్తంలో ఉప్పు పల్చబడి అదో ప్రమాదం. రెండు గంటలు దాటి చెమట కారితే ఉప్పు కూడా కావాలి. ఓఆర్ఎస్ గానీ, ఉప్పేసిన లబన్ గానీ. ఒళ్లునొప్పులని బ్రూఫెన్ లాంటి గోలీలు వేసుకుని ఎండలోకి పోవడం మనవాళ్లకు బాగా అలవాటు. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు ఆ గోలీలు కిడ్నీలను దెబ్బతీస్తాయి. బీపీకి నీళ్ల మాత్ర వాడేవాళ్లు ఎండాకాలం ముందే డాక్టర్‌తో మాట్లాడుకోండి. మీ అంతట మీరు మానేయొద్దు.

బరువు మిషనును పగలగొడదామనుకున్నాను ఒక దశలో. నర్సు వద్దంది. "దాన్ని తప్పుగా చదివారు, అంతే" అంది. ఇప్పుడు అది గదిలో లేదు, సైటులో రెస్ట్ షెడ్డులో ఉంది. పనికి ముందు ఎక్కుతారు, పని అయ్యాక ఎక్కుతారు. తగ్గింది నీళ్లు కాబట్టి ప్రతి కిలోకు లీటరు నుంచి లీటరున్నర, రాత్రి పడుకునే లోపు కొంచెం కొంచెంగా తిరిగి పోసుకోవాలి. కిలోన్నర దాటి తగ్గినవాడిని మర్నాడు నేనే పక్కన నిలబడి నీళ్లు తాగిస్తాను. పొట్ట చూసుకోవాలనుకునేవాళ్లకు వేరే రోజు, వారానికి ఒక్కసారి, పొద్దున లేచి బాత్రూంకు పోయి వచ్చాక. నూనె డబ్బా ఇప్పుడు పద్దెనిమిది రోజులు వస్తోంది. కోలా మానేశాను. ఎనిమిది నెలల్లో 79 నుంచి 73కి వచ్చాను, అదీ చిన్నగా, నెలకు కిలో కూడా పడకుండా.

తమ్ముడు నవంబర్‌లో ఇంటికి పోయి పెళ్లి చేసుకుని, జనవరిలో తిరిగొచ్చాడు. రాగానే షెడ్డులో మిషను ఎక్కాడు. నాలుగు కిలోలు పెరిగాడు. "అత్తగారింట్ల మటన్ మీద మటన్ పెట్టిన్రన్నా" అన్నాడు. రాసే పుస్తకం ఇప్పుడు వాడి చేతిలోనే ఉంది. ఎవరైనా తగ్గానని ఎగిరితే "ఎన్ని లీటర్లు బాకీ పడ్డవ్?" అని అడుగుతున్నాడు.